సీ-10 ముక్కు దించాలంటే: ఆ అంగుళాలు ఎక్కడి నుంచి వస్తాయి?

1967 నుంచి 1972 దాకా జనరల్ మోటార్స్ తయారుచేసిన తరం షెవర్లే సీ-10 పికప్పును అప్పట్లో కొన్నది ఎక్కువగా పనివాళ్లు: రైతులు, ప్లంబర్లు, చిన్న కాంట్రాక్టర్లు. గడ్డి మోపులు, కంచె గుంజలు, సిమెంటు బస్తాలు మోయడానికి కొన్న బండి అది. ఇప్పుడు టెక్సస్‌లో, ఆరిజోనాలో, దక్షిణ కాలిఫోర్నియాలో అదే బండిని నేలకు ఆనించినంత కిందికి దించి, వెడల్పాటి టైర్లు తొడిగి, ఆదివారం పూట ఊరేగిస్తున్నారు. పాత సీ-10 కొన్న మనిషి చేయించే మొదటి పని, చాలాసార్లు రంగు వేయించడం కన్నా ముందే, ముందు భాగాన్ని దించడం.

దించాలనిపించడానికి కారణం బండి పుట్టుకలోనే ఉంది. వెనక తొట్టిలో అర టన్ను వేస్తే సమంగా నిలబడేలా దీన్ని తయారుచేశారు. కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం ఎత్తుగా ఉంటుంది, మట్టిదారుల కోసం ముందు భాగాన్నీ ఎత్తుగానే ఉంచారు. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చెయ్యి పెట్టి తిప్పేంత ఖాళీ. పొలం గట్టు మీద అది అవసరం, పట్నం రోడ్డు మీద బండికి కాళ్లు పొడుగైనట్టు కనిపిస్తుంది.

దించినవాళ్లు మాట్లాడుకునేది అంగుళాల్లో. ముందు నాలుగు, వెనక ఆరు అనేది సీ-10 వాళ్ల మధ్య బాగా నలిగిన లెక్క. ఆ లెక్క చెప్పని సంగతి ఒకటుంది. ముందు భాగంలో దిగిన ప్రతి అంగుళాన్నీ ఎక్కడో ఒకచోటి నుంచి తీసుకోవాలి. స్ప్రింగు నుంచి తీసుకుంటే సస్పెన్షన్ కదిలే చోటు తగ్గుతుంది. స్పిండిల్ నుంచి, అంటే చక్రాన్ని మోసే ఉక్కు దిమ్మె నుంచి, తీసుకుంటే మడ్‌గార్డు లోపలి ఖాళీ ఖర్చవుతుంది. చిన్న టైర్లు వేస్తే వ్యాసంలో తగ్గించిన దానిలో సగమే ఎత్తు తగ్గుతుంది, పైగా స్పీడోమీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఫొటోలో ఒకే ఎత్తున నిలబడ్డ రెండు బండ్లు గతుకు రోడ్డు మీద బొత్తిగా వేరుగా నడవడానికి కారణం ఇదే.

షెవర్లే వాళ్లు ఈ పికప్పులకు ముందు చక్రాలను విడివిడిగా కదిలే పద్ధతిలో పెట్టింది 1960లో. మొదటి మూడేళ్లూ టార్షన్ బార్లు, అంటే మెలి తిరిగి బరువును ఆపే పొడవాటి ఉక్కు కడ్డీలు. 1963 నుంచి చుట్టు స్ప్రింగులు వచ్చాయి. చాసిస్‌కు అడ్డంగా బరువైన క్రాస్ మెంబర్ ఒకటి, దాని రెండు పక్కలా పైన పొట్టి కంట్రోల్ ఆర్మ్, కింద పొడుగు కంట్రోల్ ఆర్మ్. ఆ రెంటి కొసలనూ బాల్ జాయింట్లతో కలిపే నిలువు దిమ్మె స్పిండిల్. కింది ఆర్మ్ మీద, దాదాపు దాని పొడవు మధ్యలో, స్ప్రింగు కూర్చుంటుంది. ఈ అమరిక ఆ తరువాతి తరం బండ్లలో కూడా, 1987 వరకు, పెద్దగా మారలేదు. అందుకే 1970ల చివరి బండి నుంచి క్రాస్ మెంబర్‌ను ఆర్ములతో, బ్రేకులతో సహా ఊడదీసి 1960ల బండికి బిగించడం అమెరికా షెడ్లలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు.

స్ప్రింగు ఆర్మ్ మధ్యలో కూర్చోవడం చిన్న వివరంగా కనిపిస్తుంది గానీ మొత్తం లెక్క దాని చుట్టూనే తిరుగుతుంది. చక్రం రెండంగుళాలు పైకి లేస్తే స్ప్రింగు దగ్గర కదలిక ఒక్క అంగుళమే. కాబట్టి స్ప్రింగు నిలబడే ఎత్తులో ఒక అంగుళం తగ్గిస్తే బండి రెండంగుళాలు దిగుతుంది. మరోవైపు చక్రం దగ్గర తెలిసే గట్టితనం స్ప్రింగు గట్టితనంలో నాలుగో వంతే, ఎందుకంటే ఆ నిష్పత్తిని బలంలో ఒకసారి, కదలికలో ఒకసారి, రెండుసార్లు లెక్కించాలి. కేటలాగులో స్ప్రింగు గట్టితనం అంకె చూసి ‘అమ్మో’ అనుకునేవాళ్లు ఈ నాలుగో వంతును మరిచిపోతారు.

అందరికన్నా చౌకైన దారి, అందరికన్నా పాత దారి, స్ప్రింగు కోయడం. గ్రైండరు ఉంటే చాలు, కొత్త సామాను కొననక్కర్లేదు. చుట్టు స్ప్రింగు గట్టితనం తీగ మందాన్ని బట్టి, చుట్టు వ్యాసాన్ని బట్టి, పనిచేసే చుట్ల సంఖ్యను బట్టి ఉంటుంది. మొదటి రెండూ కోసినందువల్ల మారవు, చుట్ల సంఖ్య మారుతుంది. చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. ఎనిమిది చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒక చుట్టు తీసేస్తే మిగిలిన ఏడు చుట్లు 8/7 వంతు, అంటే సుమారు 14 శాతం గట్టిగా మారతాయి. ‘దిగిన ఎత్తుకు తగ్గట్టు గట్టిపడింది కదా, ఇంకేం’ అని చాలామంది తృప్తిపడేది ఇక్కడే.

అది సరిపోదు. చక్రం గుంతలో పడి లేచినప్పుడు స్ప్రింగు మింగాల్సిన శక్తి, కదిలిన దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. బండి మామూలుగా నిలబడి ఉన్నప్పుడు ఆర్మ్‌కూ బంప్ స్టాప్‌కూ, అంటే ఆర్మ్ వెళ్లి తగలకుండా పెట్టిన రబ్బరు దిమ్మెకూ, మధ్య చక్రం దగ్గర నాలుగంగుళాల కదలిక ఉందనుకుందాం. రెండంగుళాలు దించితే మిగిలేది రెండు. అదే దెబ్బను సగం దూరంలో మింగాలంటే స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిగా ఉండాలి. కోత ఇచ్చింది 14 శాతం. మిగతా దెబ్బను ఆ రబ్బరు దిమ్మె, దాని వెనకున్న చాసిస్, సీట్లో కూర్చున్న మనిషి నడుము పంచుకుంటాయి. కోసిన స్ప్రింగుల బండి ‘గట్టిగా ఉంది’ అని చెప్పేవాళ్లలో చాలామందికి తెలుస్తున్న గట్టితనం స్ప్రింగుది కాదు, బంప్ స్టాప్‌ది.

దించడానికే తయారుచేసి అమ్మే పొట్టి స్ప్రింగులు కోత కన్నా మెరుగు. తీగ మందం, చుట్ల సంఖ్య, కొసల ఆకారం కలిపి ఆలోచించి చుడతారు, గట్టితనాన్ని కావలసినంత పెంచుతారు. అయినా తగ్గిన కదలికను అవి తిరిగి తేలేవు. రెండంగుళాలలోపు అయితే మంచి పొట్టి షాకబ్జర్లతో, కొంచెం కోసిన బంప్ స్టాప్‌లతో ఆ లోటును భరించవచ్చు. పాత పొడుగు షాకబ్జర్లనే ఉంచితే అవి లోపల అడుగుకు తగిలి కొద్ది నెలల్లో కారడం మొదలుపెడతాయి. స్ప్రింగు మార్చి షాకబ్జరు మార్చకపోవడం పిసినారితనంలో కూడా తెలివితక్కువ రకం.

ఇంకో పద్ధతి కూడా ఉంది, దాన్ని పద్ధతి అనకూడదు: గ్యాస్ మంటతో స్ప్రింగును కాల్చి కుంగదీయడం. స్ప్రింగు ఉక్కుకు బలం దాని పాయనలో, అంటే కాల్చి చల్లార్చి తెచ్చిన పదునులో, ఉంది. ఎర్రగా కాలితే ఆ పాయన పోతుంది. కాలిన చుట్టు ఆ తరువాత బరువు పడినకొద్దీ కుంగుతూనే ఉంటుంది, రెండు పక్కలా సమానంగా కుంగదు, ఎప్పుడో పగులుతుంది కూడా. కోయాలనుకున్నా గ్యాస్ కటింగ్ వద్దు, రాతి డిస్కుతో, వేడెక్కకుండా కోయాలి.

స్ప్రింగు పద్ధతిలో పోయేది కదలిక ఒక్కటే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. కంట్రోల్ ఆర్ముల కోణం కూడా మారుతుంది. పై ఆర్మ్ పొట్టిది, కింది ఆర్మ్ పొడుగుది కాబట్టి చక్రం పైకి లేచేకొద్దీ పై కొస ఎక్కువగా లోపలికి లాగబడుతుంది. ముందు నుంచి చూస్తే చక్రం నెత్తి లోపలికి వాలుతుంది. మలుపులో బండి పక్కకు ఒరిగినప్పుడు టైరు రోడ్డును సరిగా పట్టుకోవడానికి ఇది ఉద్దేశించి పెట్టినదే. బండిని స్ప్రింగుతో దించితే ఆ వాలు ఎప్పుడూ ఉండిపోతుంది, టైరు లోపలి అంచు తొందరగా అరుగుతుంది. చక్రం ఇలా వాలడాన్ని మెకానిక్కులు క్యాంబర్ అంటారు. పై ఆర్మ్ షాఫ్టు దగ్గర ఉండే షిమ్‌ల (సందులో దూర్చే పలచటి బిళ్లల) మందం మార్చి కొంతవరకు సర్దవచ్చు. మూడంగుళాలు దాటితే షిమ్‌లకు అందదు, బాల్ జాయింట్లు కూడా తిరగగలిగినంత కోణం చివరికి వచ్చేస్తాయి.

టై రాడ్ సంగతి ఇంకా సున్నితం. స్టీరింగు లింకేజీ నుంచి చక్రానికి వెళ్లే ఈ కడ్డీ తన వృత్తంలో తాను ఊగుతుంది, కంట్రోల్ ఆర్ములు తమ వృత్తాల్లో ఊగుతాయి. తయారైన ఎత్తులో ఈ వృత్తాలు దాదాపు కలిసి నడుస్తాయి. స్ప్రింగుతో దించినప్పుడు రెండూ వేరే భాగంలో పనిచేయడం మొదలుపెడతాయి, అక్కడ కలిసి నడవవు. ఫలితంగా గుంత తగిలినప్పుడు డ్రైవరు స్టీరింగు తిప్పకపోయినా చక్రం కొద్దిగా తిరుగుతుంది. వేగంగా పోతున్న బండి ఒక గతుకు మీద తనంతట తాను అటో ఇటో వాలితే అనుమానించాల్సింది దీన్నే. బండి ఒరుగుడు కేంద్రం కూడా బండి దిగిన దానికన్నా ఎక్కువగా కిందికి జారుతుంది. కాబట్టి బరువు కేంద్రం దిగినా మలుపులో ఒరుగుడు అనుకున్నంతగా తగ్గదు. గట్టి స్ప్రింగు, లావు యాంటీ రోల్ బారు (ఒరుగుడును ఆపే అడ్డ కడ్డీ) కలిసి దాన్ని కప్పిపెడతాయి.

ఈ చిక్కులన్నీ తప్పించడానికి పుట్టింది దించే స్పిండిల్. దీని ఆలోచన సులువు. స్పిండిల్ నుంచి బయటికి పొడుచుకొచ్చే మొన మీద చక్రం తిరుగుతుంది. ఆ మొనను దిమ్మె మీద పైకి జరిపి పోత పోస్తే, ఆర్ములు ఉన్నచోటే ఉండగా చక్రం పైకి జరుగుతుంది, అంటే బండి కిందికి దిగుతుంది. సీ-10కు దొరికేవి ఎక్కువగా 2.5 అంగుళాలవి. స్ప్రింగు పాతదే, షాకబ్జరు పాతదే, ఆర్ముల కోణం పాతదే, టై రాడ్ వృత్తం పాతదే. బంప్ స్టాప్ దాకా ఉన్న కదలిక ఒక్క దారం కూడా తగ్గదు. దిగిన తరువాత బండి నడక ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటుంది.

అందుకే స్పిండిల్‌కు ఏ లోపమూ లేదని ప్రచారం. అది పూర్తి నిజం కాదు. స్ప్రింగుతో దించిన బండిలో ఆర్మ్ బంప్ స్టాప్‌కు తగిలి ఆగే చోటు మారదు, కాబట్టి టైరు మడ్‌గార్డులోకి ఎక్కగలిగిన గరిష్ఠ ఎత్తు కూడా మారదు. స్పిండిల్ బండిలో ఆ కదలిక అంతా మిగిలి ఉంటుంది, దాని పైన చక్రం 2.5 అంగుళాలు ఎత్తున మొదలవుతుంది. పెద్ద గుంతలో, స్టీరింగు తిప్పి ఉన్నప్పుడు, టైరు మడ్‌గార్డు లోపలి రేకును గీకేది స్పిండిల్ బండే. కొన్ని రకాల స్పిండిళ్లు డిస్క్ బ్రేకుతో కలిపి చక్రాన్ని కాస్త బయటికి కూడా నెడతాయి. వాటి మీద వెడల్పు రిమ్ము వేస్తే గీకుడు ఖాయం. రిమ్ము కొనేముందు స్పిండిల్ బిగించి, కొలిచి, ఆ తరువాత రిమ్ము లోపలి కొలత నిర్ణయించాలి. రిమ్ముల మీద మోజుతో చాలామంది ఈ క్రమాన్ని తిరగేస్తారు.

రెండోది నేలకూ బండికీ మధ్య ఖాళీ. స్ప్రింగుతో దించితే చాసిస్ దిగుతుంది గానీ కింది ఆర్మ్ బయటి కొస చక్రానికి అంటిపెట్టుకున్న చోటే ఉంటుంది. స్పిండిల్‌తో దించితే ఆ కొస, కింది బాల్ జాయింటు, అన్నీ నేలకు దగ్గరవుతాయి. టైరులో గాలి పూర్తిగా పోయి బండి రిమ్ము మీద నిలబడితే ఏ భాగమూ రోడ్డుకు తగలకూడదన్నది అమెరికా షెడ్లలో పాత నియమం. చిన్న రిమ్ము, పెద్ద దించుడు కలిసినచోట ఈ నియమం తప్పుతుంది.

ఇక బ్రేకుల గొడవ. 1970 దాకా వచ్చిన సీ-10లకు ముందు కూడా డ్రమ్ములే, చక్రానికి ఆరు బోల్టులు. 1971లో ముందు డిస్కులు వచ్చాయి, బోల్టులు ఐదయ్యాయి. దించే స్పిండిళ్లలో ఎక్కువభాగం డిస్కుల బండ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవే. కాబట్టి 1968 బండి యజమాని స్పిండిల్ కొన్నాడంటే తరచుగా డిస్క్ బ్రేకు కిట్టు కూడా కొన్నట్టే, ముందు ఐదు బోల్టులు వెనక ఆరు బోల్టులు అన్న తలనొప్పి కూడా తెచ్చుకున్నట్టే. ముందూ వెనకా ఒకే రకం రిమ్ములు కావాలంటే వెనక ఇరుసు కొసలు మార్చాలి, లేదా ఆరు బోల్టుల డిస్కు కిట్టు వెతకాలి. ఇది వినడానికి చికాకుగా ఉన్నా, అర టన్ను మోసే పాత బండికి ముందు డిస్కులు రావడం దించుడు కన్నా విలువైన మార్పు. 1966, అంతకు ముందు బండ్లలో అయితే మాస్టర్ సిలిండర్ కూడా ఒకే గదిది. ఒక్కచోట బ్రేకు ఆయిల్ కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. 1967 నుంచి రెండు గదులది వచ్చింది. స్పిండిల్ మార్చేటప్పుడే దాన్నీ మార్చడం మంచిది.

స్పిండిల్‌తో 2.5, పొట్టి స్ప్రింగుతో 1 నుంచి 2 అంగుళాలు కలిపితే నాలుగంగుళాల లెక్క కుదురుతుంది. రోజూ నడిపే బండికి ఈ కలయికే అన్నిటికన్నా తెలివైనది. ముందుగా స్పిండిల్ ఇచ్చినంతా తీసుకుని, మిగిలింది మాత్రమే స్ప్రింగును అడగాలి. దీన్ని తిరగేసి, నాలుగంగుళాలూ స్ప్రింగు మీదే వేస్తే బండి బంప్ స్టాప్ మీద కూర్చుని నడుస్తుంది. పై ఆర్ములను కొత్త గొట్టపు ఆర్ములతో మార్చేవాళ్లూ ఉన్నారు. వాటి ఉపయోగం అందం కన్నా క్యాస్టర్‌లో ఉంది. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం ఏ అక్షం మీద తిరుగుతుందో అది పక్క నుంచి చూస్తే వెనక్కి ఎంత వాలిందన్నదే క్యాస్టర్. పవర్ స్టీరింగు లేని రోజుల్లో, పాతరకం బయాస్ టైర్ల కోసం, దాన్ని తక్కువగా ఉంచారు. రేడియల్ టైర్లతో, పవర్ స్టీరింగుతో హైవే మీద నేరుగా పోవాలంటే మూడు నుంచి ఐదు డిగ్రీలు బాగుంటుంది. పాత ఆర్ములు, షిమ్‌లతో అంత దూరం పోలేవు. కొత్త ఆర్ములలో బాల్ జాయింటునే కాస్త వెనక్కి జరిపి తయారుచేస్తారు.

సీ-10కు వర్తించే ఈ తర్కం ప్రతి పాత పికప్పుకూ వర్తించదు. 1947లో వచ్చిన షెవర్లే పికప్పులకు ముందు ఉన్నది ఎడ్లబండికి ఉన్నట్టు అటు నుంచి ఇటు దాకా ఒకటే ఇరుసు, దాని మీద కమాను పట్టీలు. ఇక్కడ క్యాంబర్ భయం లేదు. ఇరుసు వంగనంతవరకు చక్రాల వాలు మారదు. పట్టీల కట్టలోంచి ఒకటి రెండు తీసేస్తే బండి దిగుతుంది, మెత్తబడుతుంది కూడా. చుట్టు స్ప్రింగు కోస్తే గట్టిపడుతుందని చెప్పుకున్నదానికి ఇది సరిగ్గా తలకిందులు. కదలికా తగ్గి, స్ప్రింగూ మెత్తబడితే బండి ఇంకా త్వరగా అడుగుకు తగులుతుంది. కాబట్టి ఇక్కడ మేలైన దారి ఇరుసునే మార్చడం: మధ్య భాగం కిందికి దిగి, చక్రాలు తగిలే కొసలు పైకి లేచేలా తయారుచేసిన ఇరుసులు దొరుకుతాయి. పని చేసే తీరులో అది దించే స్పిండిల్‌కు పెద్దన్న. స్టీరింగు కడ్డీ కోణం మాత్రం తప్పకుండా సరిచూసుకోవాలి.

ఫోర్డు బండ్ల కథ వేరు. 1965లో ఎఫ్-100 పికప్పుకు ఫోర్డు రెండు ఇరుసు దూలాలను పెట్టింది. ఎడమ చక్రాన్ని మోసే దూలం చాసిస్ కుడివైపున కీలు మీద ఊగుతుంది, కుడి చక్రానిది ఎడమవైపున. దెబ్బకు తట్టుకోవడంలో దీనికి సాటి లేదు. ఆ అమరిక 1996 దాకా అర టన్ను పికప్పుల్లో కొనసాగడానికి అదే కారణం. కానీ దూలానికి చక్రాన్ని నిలువుగా పట్టి ఉంచే పై ఆర్మ్ అంటూ లేదు. దూలం ఎంత కోణం తిరిగితే చక్రం కూడా అంతే వాలుతుంది. పొట్టి స్ప్రింగు వేసి రెండంగుళాలు దించిన పాత ఎఫ్-100ను ఎదురుగా నిలబడి చూస్తే రెండు చక్రాల తలలూ ఒకదానివైపు ఒకటి వాలి కనిపిస్తాయి. షిమ్‌లతో తీరేది కాదు. ఇరుసు కొసను పైకి జరిపి తయారుచేసిన కొత్త దూలాలు వేయాలి, లేదా పెద్ద ప్రెస్సులో ఉన్న దూలాన్నే చల్లగా వంచే పాత దుకాణాన్ని వెతుక్కోవాలి. రెండూ వద్దనుకునేవాళ్లు 2003 నుంచి 2011 మధ్య వచ్చిన ఫోర్డు క్రౌన్ విక్టోరియా కారు ముందు భాగం మొత్తాన్ని పాత పికప్పు చాసిస్‌కు బిగిస్తున్నారు. అల్యూమినియం క్రాస్ మెంబర్, ర్యాక్ స్టీరింగు, డిస్కులు, అన్నీ ఒకే మూటగా వస్తాయి. పోలీసు కార్లుగా, ట్యాక్సీలుగా వేల సంఖ్యలో తిరిగిన బండి కాబట్టి పాత సామాను షెడ్లలో దొరకడం కష్టం కాదు.

గాలి తిత్తులది ఇంకో లోకం. స్ప్రింగు తీసేసి దాని చోట రబ్బరు తిత్తి, వెనక ఎక్కడో కంప్రెసరు, ట్యాంకు, వాల్వులు. ఆగినప్పుడు చాసిస్ నేల మీద కూర్చుంటుంది, బయల్దేరేటప్పుడు లేస్తుంది. ప్రదర్శనలో జనం మూగేది ఈ బండి చుట్టూనే. ఇక్కడ జరిగే తప్పు ఏమిటంటే, ఆగి ఉన్నప్పటి ఎత్తుకు ఆర్ముల కోణాలు, అలైన్‌మెంటు సరిచేయడం. బండి నడిచే ఎత్తు వేరు. నడిచే ఎత్తును ముందు నిర్ణయించి, గుర్తుపెట్టి, చక్రాలన్నీ ఆ ఎత్తుకే అమర్చాలి. నేల మీద కూర్చున్నప్పుడు చక్రం కాస్త వాలినా నష్టం లేదు, ఎలాగూ అప్పుడది నడవడం లేదు.

దించుడు మీద చట్టానికి కోపం కొత్తది కాదు. కాలిఫోర్నియాలో 1958లో అమలైన నియమం ప్రకారం, మార్పు చేసిన బండిలో ఏ భాగమూ రిమ్ము అడుగు అంచు కన్నా కిందికి ఉండకూడదు. మెక్సికన్ అమెరికన్ యువకులు దించి నడిపే కార్ల మీద పోలీసులు దీన్ని ఎడాపెడా వాడారు. శాన్ బెర్నార్డినోకు చెందిన రాన్ అగీరే 1959లో తన కార్వెట్ కారుకు విమానాల హైడ్రాలిక్ పంపులు బిగించి, అవసరమైనప్పుడు లేపి, లేనప్పుడు దించి ఆ చట్టాన్ని తప్పించుకున్నాడు. గంతులు వేసే లోరైడర్ల (బాగా కిందికి దించిన కార్ల) పుట్టుకకు అదే నాంది. ఆ పాత నిషేధాన్ని రద్దు చేసే బిల్లు మీద గవర్నరు 2023 అక్టోబరులో సంతకం చేశారు, 2024 జనవరి 1 నుంచి అమలైంది. దేశమంతటికీ వర్తించే నియమాల్లో హెడ్‌లైటు నేల నుంచి కనీసం 22 అంగుళాల ఎత్తులో ఉండాలన్నది ఒకటి. సీ-10 హెడ్‌లైట్లు పుట్టుకతోనే ఎత్తు కాబట్టి నాలుగంగుళాలు దిగినా ఆ గీతకు చేరవు.

డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇదంతా వీధి చివర కనిపించే ముచ్చటే. హైదరాబాదులోనో విజయవాడలోనో ఏదైనా బండికి ఇదే పని చేయిస్తే దారి వేరు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని కచ్చితంగానే చదివింది. చట్టం వదిలినా స్పీడ్ బ్రేకరు వదలదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. కాలనీ వాళ్లు తామే పోసుకున్న సిమెంటు గట్టుకు ఆ లెక్క తెలియదు.

పని మొదలుపెట్టే ముందు చేయాల్సింది కొలత. యాభై ఏళ్ల స్ప్రింగు ఇప్పటికే అంగుళమో, ఇంకా ఎక్కువో కుంగి ఉంటుంది. కేటలాగులో ‘రెండంగుళాలు’ అని రాసింది కొత్త బండి ఎత్తుతో పోల్చి. కుంగిన బండికి అది వేస్తే ఒక్క అంగుళమే దిగి, యజమాని దుకాణదారుతో తగువు పెట్టుకుంటాడు. ఇంజను కూడా లెక్కలోకి వస్తుంది. ఆరు సిలిండర్ల 250 ఇంజను ఉన్న బండికీ, 396 వీ-8 ఇంజనుతో పాటు ఏసీ కూడా ఉన్న బండికీ ముక్కు బరువు ఒకటి కాదు, ఒకే స్ప్రింగు రెండింటినీ ఒకే ఎత్తున నిలపదు. సమమైన నేల మీద నాలుగు చక్రాల దగ్గరా, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకుంటే, టైరు గాలి తేడాతో సంబంధం లేని అంకెలు చేతికొస్తాయి.

స్ప్రింగు తీసేటప్పుడు ప్రమాదం నిజమైనది. లోపల నొక్కుకుని ఉన్న స్ప్రింగు అదుపు తప్పితే చేతులే కాదు, ప్రాణం తీస్తుంది. చాసిస్‌ను స్టాండ్ల మీద ఆనించి, కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి, స్ప్రింగును గొలుసుతో చాసిస్‌కు కట్టి, బాల్ జాయింటు నట్టును పూర్తిగా తీయకుండా నాలుగు మరలు వదులు చేసి టేపర్‌ను, అంటే రంధ్రంలో బిగుసుకున్న జాయింటు కోసు మొనను, విడగొట్టాలి. టేపర్ ఒక్కసారిగా వదిలినా నట్టు ఆర్మ్‌ను ఆపుతుంది. ఆ తరువాత జాకీని మెల్లగా దించితే స్ప్రింగు బలం దానంతటదే తగ్గుతుంది. స్పిండిల్ మాత్రమే మారుస్తున్నా ఇదే జాగ్రత్త, ఎందుకంటే స్పిండిల్ ఊడితే ఆర్మ్‌ను పట్టి ఉంచేది జాకీ ఒక్కటే. రబ్బరు బుష్‌లు ఉన్న ఆర్ములైతే వాటి బోల్టులను గాల్లో వేలాడుతుండగా బిగించకూడదు. బండి తన బరువు మీద నిలబడ్డాక బిగించాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి చిరుగుతుంది.

బిగింపు అయిన రోజే అలైన్‌మెంటుకు పోవాలి, కానీ అది చివరి అలైన్‌మెంటు కాదు. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక కొద్దిగా సర్దుకుంటాయి, అప్పుడు మళ్లీ చూపించాలి. రోజూ నడిపే బండికి క్యాంబర్ సున్నా నుంచి లోపలికి అర డిగ్రీ, క్యాస్టర్ రెండు పక్కలా సమానంగా మూడు నుంచి ఐదు, ముందు అంచులు లోపలికి అంగుళంలో పదహారో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా. దుకాణంలో ఫ్యాక్టరీ పుస్తకంలోని అంకెలకే సెట్ చేస్తామంటే ఒప్పుకోకుండా ఈ అంకెలు కాగితం మీద రాసి ఇవ్వడం మేలు. ముక్కు దిగిన బండికి హెడ్‌లైటు వెలుగు కూడా దగ్గర్లోనే పడుతుంది, కాబట్టి గోడకు ఎదురుగా నిలిపి సర్దుబాటు స్క్రూలను తిప్పాలి. అదే రోజు స్టీరింగును ఒక చివరి నుంచి ఇంకో చివరికి పూర్తిగా తిప్పి, ముందు బ్రేకు గొట్టాలు టైరుకో, ఆర్మ్‌కో ఎక్కడైనా రాసుకుంటున్నాయేమో టార్చి వేసి చూడాలి.